మన్యపు సరిహద్దున పౌరుని హక్కు

భద్రాచలమునుండి దుమ్ముగూడెము మీదుగా చర్లకు పోవు బాట గోదావరిని ఎడమప్రక్కన విడువక సాగును. చర్ల దాటిన పిమ్మట ఊళ్లు పలుచనగును, అడవి దట్టమగును. ఆ అడవిలో ఒకానొక వాగు దాటినవాడు తెలంగాణమును విడిచి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున అడుగిడినట్లు దేశపటము చెప్పును. నేలమీద ఆ గీత కానరాదు. ఇప్పపూవు ఏరుకొను స్త్రీకి, మేత వెదకుకొను పశువునకు, ఆవలి గూడెమున పిల్లనిచ్చి ఈవలి గూడెమునకు కోడలిని తెచ్చుకొను కోయకుటుంబమునకు ఆ గీతతో పనిలేదు.

అయినను గడచిన ఇరువది సంవత్సరములుగా ఆ గీతను పట్టుకొనియే ఒక కఠినమైన ప్రశ్న నిలిచియున్నది. ఈ దేశపు పౌరుడొకడు ప్రాణభయముచే ఒక రాష్ట్రమునుండి మరియొక రాష్ట్రమునకు వచ్చి, అడవిలో గుడిసె వేసికొని, నాలుగు కుంచముల జొన్నలకు సరిపడు పోడు కొట్టుకొన్నచో, “వచ్చినచోటికే పొమ్ము” అని అతనిని ఆజ్ఞాపించు అధికారము ఎవ్వరికి గలదు? కలెక్టరునకా, అటవీశాఖకా, గ్రామసభకా? వీరిలో ఎవ్వరికిని లేనిచో, అడవిని కాపాడు బాధ్యతయు, పూర్వమునుండి అచ్చట నున్న గిరిజనుల మేలు చూచు బాధ్యతయు గల ప్రభుత్వము ఏ మార్గమున నడువవలయును? ఇది గుత్తికోయల సమస్య. పత్రికలలో గొత్తికోయలనియు వ్రాయుదురు. రాజ్యాంగము కార్యనిర్వాహకవర్గమునకు గీచిన హద్దు ఎచ్చటనున్నదో తెలిసికొనుటకు ఇంతకంటె తగిన పాఠము మరియొకటి లేదు.

కదలినది మనుష్యులు మాత్రమే కాదు

భద్రాచల ప్రాంతపు చరిత్రను చూచినవారికి, అచ్చట మనుష్యులకంటె సరిహద్దులే ఎక్కువగా వలసపోయినట్లు తోచును. గోదావరికి ఎడమగట్టుననున్న ఈ భూభాగము నైజామునుండి 1860లో ఆంగ్లేయులకు సంక్రమించినది. వారు దీనిని మధ్యపరగణాలలోని ఎగువగోదావరి జిల్లాలో చేర్చిరి. 1874లో భద్రాచలము, రేకపల్లి తాలూకాలు మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మారినవి. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడగా ఆ రాష్ట్రమునను, 1956లో ఆంధ్రప్రదేశమునను చేరి, 1959లో తూర్పుగోదావరినుండి విడివడి ఖమ్మం జిల్లాలో కలిసినది. 2014లో రాష్ట్రవిభజన జరిగినపుడు పోలవరము ప్రాజెక్టు నిమిత్తము ఏడు మండలములలోని గ్రామములను ఆంధ్రప్రదేశమునకు ఇచ్చిరి. భద్రాచలము పట్టణము తెలంగాణమున నిలిచినది, దానిని చుట్టియున్న గ్రామములు పెక్కు ఆవలికి పోయినవి. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా వెలసినది.

1950లో భద్రాచలమున పుట్టిన వృద్ధుడు తన యిల్లు కదలకయే మద్రాసు, ఆంధ్ర, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ అను నాలుగు రాష్ట్రముల ప్రజగా జీవించినాడు. గీత తనంత తాను నడచివచ్చి అతని గుమ్మము దాటిపోయినపుడు అతనిని ఎవ్వరును పరదేశి అనలేదు. గీతను తాను దాటినవాడు మాత్రము పరదేశి యగుట ఎట్లు?

వారు వచ్చిన కారణము

బస్తరు ప్రాంతపు గిరిజనులు ఖమ్మం జిల్లాకు వచ్చుట క్రొత్తకాదు. మిరపకోతల కాలమున కూలికై గుంపులుగా వచ్చి, పని ముగిసిన పిమ్మట తిరిగిపోవుట చాలకాలముగా నున్న వాడుక. వచ్చి తిరిగిపోనివారి సంఖ్య పెరిగినది 2005వ సంవత్సరమునుండి. ఆ యేడు జూను మాసమున నాటి దంతెవాడ జిల్లాలో మావోయిస్టులకు ఎదురుగా “సల్వా జుడుం” అను ఉద్యమము ప్రభుత్వపు అండతో మొదలయ్యెను. గ్రామములు తగులబడినవి. పెక్కుమందిని రోడ్డుప్రక్క శిబిరములకు తరలించిరి. శిబిరమునకు పోయినవాడు ఒకరికి శత్రువు, పోనివాడు మరియొకరికి శత్రువు. ఉభయులకును వెరచిన వేలాది కుటుంబములు సరిహద్దు దాటి నాటి ఖమ్మం, వరంగల్లు జిల్లాల అడవులలో తలదాచుకొన్నవి. ఇచ్చట వారిని గుత్తికోయలందురు. వారిలో పెక్కుమంది బస్తరున మురియాలని పిలువబడువారు.

ఆ ఉద్యమముపై ప్రొఫెసరు నందినీ సుందర్ మొదలగువారు వేసిన వ్యాజ్యమున సుప్రీముకోర్టు 2011 జూలై 5వ తేదీన తీర్పు చెప్పినది. తీర్పు నిచ్చినవారు జస్టిస్ బి. సుదర్శనరెడ్డి, జస్టిస్ ఎస్. ఎస్. నిజ్జర్. అయిదవ తరగతి చదివిన గిరిజన యువకులను ప్రత్యేకపోలీసు అధికారులుగా తీసికొని, ఆయుధమిచ్చి, మావోయిస్టుల మీదికి పంపుట రాజ్యాంగములోని 14, 21 అధికరణములకు విరుద్ధమని న్యాయస్థానము నిర్ణయించినది. అంతకు పూర్వమే పాఠశాల భవనములనుండి భద్రతాదళములు ఖాళీచేసి పోవలయునని కూడ ఆ వ్యాజ్యముననే ఆజ్ఞాపించినది. ఉపాధ్యాయులు గుర్తింపదగిన విషయమిది: ఏ వలసను నేడు కొందరు నేరముగా చెప్పుచున్నారో, ఆ వలసకు మూలమైన ప్రభుత్వచర్యయే రాజ్యాంగవిరుద్ధమని తేలినది.

పౌరుడు, పరదేశి

రాజ్యాంగపు 19వ అధికరణము భారతపౌరునకు దేశమంతట స్వేచ్ఛగా సంచరించు హక్కును, దేశమున ఏ భాగముననైనను నివసించి స్థిరపడు హక్కును ఇచ్చుచున్నది. దేశములో రాష్ట్రములు అనేకమున్నను పౌరసత్వము ఒక్కటే. ఒక రాష్ట్రమునుండి మరియొక రాష్ట్రమునకు పోవువాడు దేశాంతరగామి కాడు.

విదేశీయుని విషయము వేరు. 1955లో హన్స్ ముల్లర్ అను జర్మనుజాతీయుని వ్యాజ్యమున, విదేశీయులను దేశమునుండి పంపివేయుటలో కేంద్రప్రభుత్వమునకు గల అధికారము మిక్కిలి విస్తృతమైనదని సుప్రీముకోర్టు చెప్పెను. దానికి ఒక్క సంవత్సరము ముందు, 1954లో, ఇబ్రహీం వజీర్ మావత్ వ్యాజ్యమున అదే న్యాయస్థానము భిన్నమైన మాట చెప్పినది. పాకిస్తానునుండి వచ్చువారిని నియంత్రించుటకు 1949లో చేసిన చట్టములోని 7వ సెక్షను, అనుమతిపత్రపు నిబంధనను ఉల్లంఘించినాడను సహేతుకమైన అనుమానము మాత్రముతో పౌరుని సైతము దేశమునుండి వెడలగొట్టుటకు కేంద్రమునకు అధికారమిచ్చెను. పౌరునికి అన్వయించునంతవరకు ఆ సెక్షను చెల్లదని అధికసంఖ్యాక న్యాయమూర్తులు తీర్మానించిరి. దేశవిభజన గాయములు మానని దినములలో, ప్రభుత్వము దేశభద్రత పేర కోరిన అధికారమును న్యాయస్థానము నిరాకరించుట స్మరింపదగినది.

చుక్కపెట్టి చదువవలసిన నిబంధన మరియొకటి గలదు. సంచారహక్కు, నివాసహక్కు నిరంకుశములు కావు. 19వ అధికరణములోని అయిదవ ఖండము ప్రకారము, సామాన్యప్రజల మేలు కొరకు గాని, షెడ్యూల్డు తెగల ప్రయోజనరక్షణ కొరకు గాని ఆ హక్కులపై సహేతుకమైన పరిమితులు విధింపవచ్చును. అయితే ఆ పరిమితి “శాసనము” ద్వారా రావలయును. అధికారి ఉత్తరువు శాసనము కాదు. ఈ ఒక్క మాటలో సమస్య అంతయు ఇమిడియున్నది.

ఉత్తరువు వేరు, శాసనము వేరు

ప్రయాణపత్రముల చరిత్రయే దీనికి తేటతెల్లమైన ఉదాహరణము. 1967 వరకు ఈ దేశమున పాస్‌పోర్టు ఇచ్చుట, మానుట ప్రభుత్వపు చిత్తమును బట్టియుండెను. దానిని క్రమపరచు సమగ్రచట్టము లేదు. ఆ సంవత్సరము ఏప్రిలు మాసమున సత్వంత్‌సింగ్ సాహ్నీ అను వర్తకుని వ్యాజ్యమున సుప్రీముకోర్టు, విదేశప్రయాణము వ్యక్తిస్వాతంత్ర్యములోనిదే యనియు, శాసనము లేక ప్రభుత్వము దానిని అడ్డగింపరాదనియు చెప్పెను. కొలదివారములలోనే పార్లమెంటు పాస్‌పోర్టుల చట్టమును చేయవలసివచ్చినది. 1978లో మేనకాగాంధీ వ్యాజ్యమున న్యాయస్థానము మరియొక మెట్టు ఎక్కినది. శాసనముండుట మాత్రమే చాలదు. అది నిర్దేశించు పద్ధతి న్యాయముగను, సహేతుకముగను ఉండవలెను, బాధితుని మాట వినవలెను అని తీర్పు చెప్పెను.

దేశములోపలి సంచారమును గూర్చియు ఇదే నియమము. 1961లో బలదేవ్‌ప్రసాద్ వ్యాజ్యమున, “గూండా” అను ముద్రవేసి మనుష్యుని ఒక ప్రాంతమునుండి వెడలగొట్టుటకు వీలుకల్పించిన మధ్యపరగణాల చట్టములోని ముఖ్యసెక్షనులను సుప్రీముకోర్టు కొట్టివేసినది. అతడు నిజముగా గూండాయా కాదా అని విచారించి తేల్చు ఏర్పాటు ఆ చట్టమున సరిగా లేకుండుటయే కారణము. ముద్ర వేయుటకు ముందు విచారణ జరుగవలెను.

తెలుగుదేశమునకు ఈ పాఠము అనుభవపూర్వకముగ తెలిసినదే. 1871లో మొదలైన నేరస్థజాతుల చట్టము క్రింద ఎరుకల మొదలగు జాతులవారిని పుట్టుకతోనే అనుమానితులుగా నెంచి, వారు ఊరు విడుచుటకు అనుమతిచీటి కావలయుననియు, పోలీసుల యెదుట హాజరు పలుకవలయుననియు శాసించిరి. బాపట్ల దాపుననున్న స్టూవర్టుపురము ఆ కాలపు నిర్బంధవసతియే. స్వతంత్రభారతము ఆ చట్టమును 1952లో రద్దుచేసినది. ఒకడు చేసిన తప్పునకు కులమంతటిని కట్టివేయు పద్ధతి అప్పుడు పోయినదని దేశము నమ్మినది.

మన్యమున శాసనము ఎట్లు వచ్చును

భద్రాచల మన్యము రాజ్యాంగపు అయిదవ షెడ్యూలు క్రిందనున్న ప్రాంతము. అచ్చట గవర్నరునకు విశేషాధికారములు గలవు. షెడ్యూల్డు ప్రాంతమున శాంతిపాలనల నిమిత్తము ఆయన రెగ్యులేషనులు చేయవచ్చును. భూమి చేతులు మారుటను నిషేధింపవచ్చును. అయితే గిరిజన సలహామండలిని సంప్రదింపవలెను. రాష్ట్రపతి ఆమోదము పొందనిదే ఆ రెగ్యులేషను అమలునకు రాదు.

1959లోని ఒకటవ రెగ్యులేషను, దానిని 1970లో కట్టుదిట్టము చేసిన ఒకటవ రెగ్యులేషను ఈ మార్గముననే వచ్చినవి. ఏజెన్సీలోని భూమి గిరిజనులకు గాని, గిరిజనుల సహకారసంఘములకు గాని తప్ప మరియెవ్వరికిని సంక్రమింపరాదని 1970 సవరణ శాసించినది. గిరిజనేతరులు దీనిని సవాలుచేయగా, పి. రామిరెడ్డి వ్యాజ్యమున 1988లో సుప్రీముకోర్టు ఇది గిరిజనుల రక్షణకై విధించిన సహేతుకమైన పరిమితియే యని సమర్థించెను. బయటివారి ప్రవేశమును శాసనము హద్దుచేయగలదు. ఆ హద్దు న్యాయస్థానపు పరీక్షకు నిలువగలదు. ఆ యేర్పాటు ఎట్లమలైనదనుట వేరుకథ. షెడ్యూల్డు ప్రాంతపు భూమిలో సగమునకు దగ్గరగా గిరిజనేతరుల చేతనున్నదని ప్రభుత్వము నియమించిన గిర్గ్లానీ సంఘమే చెప్పవలసివచ్చినది.

విశేషాధికారమునకును హద్దు గలదని తెలిపిన తీర్పు ఉపాధ్యాయలోకమునకు బాగుగా తెలియును. షెడ్యూల్డు ప్రాంతములలోని పాఠశాలలందు ఉపాధ్యాయపదవులు నూటికి నూరును స్థానికగిరిజనులకే కేటాయించుచు 2000 జనవరి 10వ తేదీన వెలువడిన మూడవ నంబరు ఉత్తరువును, చేబ్రోలు లీలాప్రసాదరావు వ్యాజ్యమున అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము 2020 ఏప్రిలు 22వ తేదీన కొట్టివేసినది. అయిదవ షెడ్యూలు క్రింద గవర్నరునకు గల అధికారము ప్రాథమికహక్కులకు లోబడియే ఉండవలెనని ఆ ధర్మాసనము చెప్పెను. అభ్యర్థి గాని అతని తల్లిదండ్రులు గాని 1950 జనవరి 26 నుండి ఎడతెగక ఆ ప్రాంతమున నివసించియుండవలెనను నిబంధనను కూడ తప్పుపట్టినది. ఆ తీర్పువలన ఏజెన్సీలోని గిరిజనయువకులకు కలిగిన నష్టము చిన్నది కాదు. కోయభాష యెరిగిన ఉపాధ్యాయుని కోయపిల్లలనుండి దూరముచేయునని వారు ఆక్రోశించుటయు న్యాయమే. ఆ తీర్పు బాగోగులెట్లున్నను, ఏజెన్సీలో ఎవ్వరుండవలెను, ఎవ్వరుండరాదు అను నిర్ణయము ఉత్తరువుతో తేలదను నియమము దానివలన మరింత గట్టిపడినది.

అడవిచట్టమున చిక్కు

గుత్తికోయల గుడిసెలు పెక్కు రిజర్వు అడవిలో నున్నవి. అడవిని నరకుట నేరమే. చెట్టు కొట్టినవాడు గిరిజనుడైనను, గిరిజనేతరుడైనను అటవీశాఖ చర్య తీసికొనుట దాని విధి. ఈ విషయమున సంచారహక్కు అక్కరకు రాదు: దేశమున ఏ చోటనైనను నివసించు హక్కునకు, ఏ భూమినైనను ఆక్రమించు హక్కు అని అర్థము లేదు.

2006లో వచ్చిన అటవీహక్కుల చట్టము ఇచ్చట మధ్యవర్తిగా నిలిచినది. 2005 డిసెంబరు 13వ తేదీకి పూర్వము అడవిలో సాగుచేయుచున్న గిరిజనునకు ఆ చట్టము హక్కునిచ్చును. హక్కును గుర్తించి పరిశీలించు పని ముగియువరకు అతనిని తొలగింపరాదని దాని 4వ సెక్షను చెప్పును. ఆ తేదీకి ముందు పునరావాసము లేక అక్రమముగ తొలగింపబడినవారికి ప్రత్యామ్నాయభూమితో కూడిన పునరావాసమును 3వ సెక్షను కల్పించును. కాని సల్వా జుడుం మొదలైనది 2005 జూనులో. వలస ఉధృతమైనది ఆ తరువాతి రెండుమూడేండ్లలో. ఆరునెలల యెడముతో ఒక కుటుంబము చట్టపు నీడలోనికి వచ్చును, దాని ప్రక్కకుటుంబము ఎండలో నిలుచును. ఏ నెలలో గ్రామము తగులబడెనో నిరూపించు కాగితము కాలిన యింట దొరకునా?

రెండవ చిక్కు తెగల పట్టికది. తెలంగాణ షెడ్యూల్డు తెగల పట్టికలో కోయలతోపాటు “గుత్తకోయ” అను పేరు కలదు. అయినను ఛత్తీస్‌గఢ్ నుండి వచ్చినవారికి ఇచ్చటి అధికారులు గిరిజన ధ్రువపత్రమిచ్చుట లేదు. ఒక రాష్ట్రమున షెడ్యూల్డు తెగగా గుర్తింపబడినవాడు మరియొక రాష్ట్రమునకు పోయినచో ఆ హోదా అతని వెంట పోదని 1990లో సుప్రీముకోర్టు చెప్పిన తీర్పు దీనికి ఆధారము. చిత్రమేమనగా ఆ వ్యాజ్యము వేసినవాడు తెనాలిలో పుట్టి, బొంబాయిలో వైద్యవిద్య కోరిన తెలుగువిద్యార్థి మర్రి చంద్రశేఖరరావు. విద్యాలయమున సీటును గూర్చి చెప్పిన మాట, తగులబడిన ఊరినుండి పారిపోయి వచ్చినవాని గుడిసెకు సైతము కొలబద్దయైనది. హోదా రాకపోవచ్చును, పౌరసత్వము మాత్రము వెంటనే యున్నది.

జలగలంచ, బెండాలపాడు

2017 సెప్టెంబరులో నాటి జయశంకర్ భూపాలపల్లి జిల్లా తాడ్వాయి మండలములోని జలగలంచ గూడెమున అటవీశాఖవారు గుత్తికోయల గుడిసెలను కూల్చివేసిరి. వ్యవహారము హైకోర్టునకు పోగా, వారిని బలవంతముగ ఖాళీచేయించుటను న్యాయస్థానము నిలిపివేసినది. అడవిని కాపాడు అధికారము అటవీశాఖకు కలదు. దానిని చట్టము చెప్పిన క్రమమున వాడవలసియున్నది.

2022 నవంబరు 22వ తేదీన భద్రాద్రి కొత్తగూడెము జిల్లా చండ్రుగొండ మండలము ఎర్రబోడు వద్ద ఘోరము జరిగినది. శాఖవారు నాటించిన మొక్కలను కాపాడబోయిన అటవీక్షేత్రాధికారి హత్యకు గురియయ్యెను. విధినిర్వహణలో నున్న ఉద్యోగిని పొట్టనబెట్టుకొన్న ఆ నేరమును సమర్థించువారు లేరు. నిందితులు గుత్తికోయలు. న్యాయస్థానము విచారించి, 2023లో ఇద్దరికి యావజ్జీవశిక్ష విధించినది. చట్టము చేయవలసిన పనిని చట్టము చేసినది.

అయితే హత్య జరిగిన కొలది దినములకే, విచారణ మొదలుకాకమునుపే, బెండాలపాడు గ్రామపంచాయతీ మరియొక తీర్పు చెప్పెను. గుత్తికోయలందరును ఊరువిడిచి ఛత్తీస్‌గఢ్ పోవలయునని అది తీర్మానించినది. తోటి ఉద్యోగిని కోల్పోయినవారి దుఃఖము, గ్రామస్థుల భయము అర్థముచేసికొనదగినవే. కాని ఇద్దరి నేరమునకు గూడెమంతయు, పాలుత్రాగు బిడ్డతో సహా, ఏల వెడలవలెను? 1952లో పోయినదనుకొన్న పద్ధతి వేరు పేరుతో తిరిగివచ్చిన జాడ ఇది.

గ్రామసభకు అధికారములు లేవనుట సరికాదు. 1996 నాటి పంచాయతీల విస్తరణచట్టము షెడ్యూల్డు ప్రాంతపు గ్రామసభకు తన ఆచారములను, ఉమ్మడివనరులను కాపాడుకొను శక్తినిచ్చినది. ఒరిస్సాలోని నియమగిరి కొండపై బాక్సైటు త్రవ్వకము విషయమున గ్రామసభల మాట వినవలెనని 2013లో సుప్రీముకోర్టు ఆదేశింపగా, ఆ సభలన్నియు వలదనెను, గని ఆగినది. ఇంతటి బలముగల గ్రామసభకును పౌరుని రాష్ట్రమునుండి బహిష్కరించు శక్తిని ఏ చట్టమును ఇయ్యలేదు. ప్రభుత్వమునకే లేని అధికారమును ప్రభుత్వము గ్రామసభకు ఎట్లిచ్చును?

ఇతరదేశముల తార్కాణము

1930లలో అమెరికా మధ్యభాగమున కరవు, దుమ్ముగాలులు చెలరేగి లక్షలాది రైతులు కాలిఫోర్నియాకు తరలిరి. బీదవానిని రాష్ట్రములోనికి తీసికొనివచ్చుట నేరమని కాలిఫోర్నియా చట్టమొకటి చెప్పుచుండెను. ఎడ్వర్డ్స్ అను నతడు టెక్సస్‌నుండి చేతిలో పైసలేని తన బావమరిదిని తీసికొనివచ్చి శిక్ష పొందెను. బీదల రాకతో రోగములు, నేరములు, ఖర్చు పెరుగునని రాష్ట్రము వాదించెను. 1941లో ఆ దేశపు సుప్రీముకోర్టు ఏకగ్రీవముగ ఆ చట్టమును కొట్టివేసినది. రాష్ట్రములమధ్య రాకపోకలను క్రమపరచుట కేంద్రపు అధికారమని అధికసంఖ్యాకులు చెప్పగా, తక్కిన నలుగురు న్యాయమూర్తులు దేశమున ఎచ్చటికైనను పోవుట పౌరసత్వమునందే ఇమిడియున్న హక్కు అనిరి.

అదే న్యాయస్థానము 2018లో, కొన్ని దేశములవారి రాకను అడ్డగించుచు అధ్యక్షుడు ట్రంపు చేసిన ప్రకటనను అయిదుగురు ఒకవైపు, నలుగురు మరియొకవైపు నిలువగా సమర్థించినది. ఖమ్మమునుండి, విజయవాడనుండి చదువులకై ఆ దేశమునకు పోవు తెలుగువిద్యార్థులు ఈ తారతమ్యమును ఎరుగుట మంచిది. పరదేశమున వారి ఉనికి వీసాపై, అచ్చటి ప్రభుత్వపు దయపై చాలవరకు ఆధారపడియున్నది. స్వదేశమున చర్ల అడవిలోనున్న మురియాకూలీ ఉనికి ఎవ్వరి దయపైనను ఆధారపడినది కాదు. చదువున, ధనమున అతనికంటె ఎంతయో పైనున్నవారికి పరదేశమున లేని స్థానము, రాజ్యాంగదృష్టిలో అతనికి స్వదేశమున కలదు.

న్యాయస్థానముల హద్దు

న్యాయస్థానములే సర్వమును చక్కదిద్దునని తలచుటయు పొరపాటు. 2011 తీర్పు వెలువడిన వెంటనే ఛత్తీస్‌గఢ్ శాసనసభ సహాయక సాయుధ పోలీసుదళముల చట్టమొకటి చేసినది. అది తీర్పును ధిక్కరించుటయే యని వాదింపగా, శాసనసభ చట్టము చేయుట కోర్టుధిక్కారము కాదని సుప్రీముకోర్టు 2025 మే మాసమున చెప్పి ఆ వ్యవహారమును ముగించినది. 2019 ఫిబ్రవరి 13న, అటవీహక్కుల దరఖాస్తులు తిరస్కరింపబడినవారిని తొలగింపవలయునను భావము వచ్చునట్లు ఆదేశమిచ్చిన న్యాయస్థానమే, దేశమంతట అలజడి రేగగా పక్షము దినములలో దానిని నిలిపివేసెను. కోర్టు ఉత్తరువు గుడిసెను కూలనీయక ఆపగలదు. గూడెమునకు మంచినీటిబావిని త్రవ్వలేదు.

పరిష్కారము ప్రభుత్వముల చేతనే యున్నది. దానికి దారి కష్టమైనను తెలియనిది కాదు. ఎవ్వరు ఎప్పుడు వచ్చిరో, ఏ ఊరినుండి వచ్చిరో ఇరురాష్ట్రములు కలిసి లెక్కతీయవలెను. తిరిగిపోగోరువారికి వారి పూర్వభూమిని, భద్రతను చూపవలెను; బలవంతము కూడదు. ఉండగోరువారికి దట్టమైన అడవి వెలుపల స్థలము వెదకవలెను. అందుచేత పూర్వమునుండి అచ్చటనున్న కోయల భూమికి, రేషనునకు, రిజర్వేషనులకు కొరత రాకుండ శాసనమున స్పష్టముగ వ్రాయవలెను. చోటు ఇరుకగునని జంకు స్థానికకోయల మాట అన్యాయమైనది కాదు. పందొమ్మిదవ అధికరణములోని అయిదవ ఖండము వారిని తలచియే వ్రాయబడినది. వచ్చినవారు కూడ గిరిజనులే యగుటవలన ఆ ఖండము ఇచ్చట కత్తివలె గాక తక్కెడవలె పనిచేయవలసియున్నది. ఆ తక్కెడను పట్టుకొనువారు శాసనకర్తలు. బుల్డోజరునకు ఆ పని చేతకాదు.

పాఠశాల చేయగల పని

ఇంతలో పాఠశాల ఆగియుండ నక్కరలేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము పధ్నాలుగేండ్లలోపు బిడ్డకు హక్కునిచ్చినపుడు ఆ బిడ్డ యే రాష్ట్రపు బిడ్డ అని అడుగలేదు. వలసకుటుంబముల పిల్లలను బడిలో చేర్పించుట స్థానికసంస్థల విధియని 9వ సెక్షను చెప్పుచున్నది. వయస్సునకు ఆధారము చూపలేదని బిడ్డను త్రిప్పి పంపరాదని 14వ సెక్షను నిషేధించుచున్నది. కులధ్రువపత్రము రాలేదను మాట వసతిగృహపు లెక్కలకు అడ్డురావచ్చును గాని, బడితలుపునకు అడ్డురాదు. కావున, అడవిలోని గుడిసెను గూర్చి వ్యాజ్యము ఎంతకాలము సాగినను, ఆ గుడిసెలోని బిడ్డ పేరు హాజరుపట్టీలో ఎక్కించుటకు ఉపాధ్యాయునకు ఎవ్వరి ఉత్తరువును అక్కరలేదు.

చర్ల, దుమ్ముగూడెము, చండ్రుగొండ మండలములలోని విద్యార్థులు పౌరశాస్త్రములో ప్రాథమికహక్కులను వరుసగా అప్పగింతురు. వారి బల్లమీదనే, తెలుగు ఇంకను సరిగా రాని మురియాబిడ్డ కూర్చుండియుండవచ్చును. దేశమున ఎచ్చటనైనను నివసించు హక్కు అను పాఠము వచ్చిన దినమున, ఆ హక్కునకు అర్థమేమని ఉపాధ్యాయుడు తరగతిని అడిగినచో, సమాధానము పుస్తకమున వెదకనక్కరలేదు. ఆ బల్లమీదనే యున్నది.